ఎనిమిది అడుగుల గొట్టం

డులూత్‌లో జనవరి.
ఇడ్లీ పిండిని ఓవెన్‌లో పెట్టి, లోపల బల్బు వెలిగించి,
శాలువా కప్పి రెండు రోజులు దాచినా పొంగదు.
అక్వేరియంలో నీళ్ళు మాత్రం
ఎవరూ తోడు పెట్టకుండానే పులుస్తున్నాయి.

ఏడు పాయింట్ ఎనిమిది. మర్నాటికి ఏడు పాయింట్ ఏడు.
సోడా కలిపి పోశాను.
ఒక పూట నిలబడి, తడి సబ్బులా
చేతిలోంచి జారిపోయింది అంకె.

మా పెద్దత్త ఉంగరంలో పగడం, కుజుడి కోసం.
అదొకప్పుడు నోరున్న ప్రాణి అని
ఆ ఇంట్లో ఎవరూ అనుకోగా వినలేదు.
ఇక్కడ, దీపం ఆర్పాక,
వేలెడు కొమ్మ మీద వంద నోళ్ళు తెరుచుకుంటాయి.
ఈ పదిహేను రోజులుగా సగమే.

హార్డ్‌వేర్ కొట్టు లిండ్‌స్ట్రమ్ అంతా విని
ఇంట్లో ఎంతమంది, అన్నాడు.
చేపలా?
కాదు, మనుషులు.

ఇద్దరం.
శుక్రవారం రాత్రి క్యారమ్స్‌కి వచ్చేవాళ్ళతో ఏడుగురు.
నవంబరులోనే కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ కాగితం అంటించి
హెయిర్ డ్రయ్యర్‌తో బిగించాం,
వేలితో కొడితే డోలు మోగినట్టు మోగేది.
గ్యాసు బిల్లు తగ్గిందని వకుళకు ఒకటే గర్వం.
అంటే ఇన్నాళ్ళూ
మేం వదిలిన ఊపిరి మేమే పీల్చి, మళ్ళీ వదిలి,
మిగిలింది నీళ్ళకు తాగిస్తున్నామన్న మాట.

ఆ రాత్రి మీటరు గీసిన గీతను నెల వెనక్కి జరిపి చూశాను.
శుక్రవారం శుక్రవారం ఒక గుంట.
వకుళకు ఆసుపత్రిలో నైట్ డ్యూటీ పడ్డ రోజుల్లో చిన్న మెట్ట.
బజ్జీలు వేసిన ఆదివారం, నాలుగు బర్నర్లూ వెలిగి, ఏకంగా బావి.
అద్దె విషయంలో మాటా మాటా అనుకుని
ఒకరి మొహం ఒకరం చూసుకోని ఆ మూడు రోజులు
ఎంత వెతికినా కనిపించలేదు.
అలిగినా ఊపిరి అంతే వదులుతామేమో.

గోడకు రంధ్రం పెట్టకూడదని ఇంటి ఓనరమ్మ కాగితం మీదే రాసుకుంది.
అందుకని కిటికీ రెక్క కింద ఒక చెక్క ఇరికించి, చెక్కకు రంధ్రం.
బయటి కొసకు వకుళ పాత మేజోడు ముక్క, చెత్త రాకుండా.
లోపలి కొస స్కిమ్మర్ ముక్కుకు.
ప్లగ్ పెట్టగానే అది గురగురమని
సరస్సు మీది గాలిని లాగింది.
కవ్వం పడ్డ కుండలా నురగ లేచింది.
తెల్లారేసరికి ఎనిమిది పాయింట్ ఒకటి.
వకుళను నిద్రలేపి చూపించాను, తిట్టింది.

మైనస్ ఇరవై ఎనిమిది పడిన రాత్రి గీత మళ్ళీ వంగింది.
నైటీ మీద కోటు, కోటు మీద దుప్పటి,
టార్చి పట్టుకుని వెళ్ళి చూస్తే
మేజోడు మంచుతో మూసుకుపోయి రాయై ఉంది.
చేతులు పనిచేయక, నోటితో ఊదాను,
ఊదాక గుర్తొచ్చింది ఏం ఊదానో.
మంచులో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.

మార్చిలో వకుళకు ఫార్గోలో పగటి డ్యూటీ ఉద్యోగం దొరికింది.
క్యారమ్ బోర్డు తనదే, తీసుకెళ్ళింది.
శుక్రవారాలు సాపయ్యాయి.
ఎనిమిది పాయింట్ రెండు, మూడు,
చెప్పిన మాట వినే పిల్లలా నిలబడింది గీత.
అనుమానమొచ్చి ఒకరోజంతా గొట్టం పీకేశాను.
పెద్దగా తగ్గలేదు.

పగడాలు పూర్తిగా విచ్చుకున్నాయి. అది నిజం.
నారింజ చేపల జంట కుండ పెంకు మీద గుడ్లు పెట్టింది, అదీ నిజం.

ఆదివారం ఫోన్ చేసి, ఎలా ఉన్నాయే నీ చేపలు, అంది.
బాగున్నాయి, గాలి ఎక్కువైంది, అన్నాను.
గాలి ఎక్కువవడమేమిటి, అంది.
గొట్టం మళ్ళీ తగిలించాను గానీ
బయట దాని మేజోడు ఇంకా అలాగే ఉంది,
నీలం గీతలది, మడమ దగ్గర చిరుగు.